చైనా, భారత్‌ల విదేశీ రుణ ఆస్తులను ఏళ్ల తరబడి పోల్చాలంటే: ట్రెజరీ పట్టిక ఒక్కటే చాలదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "2004 నుంచి ఇప్పటిదాకా చైనా, భారత్‌ల దగ్గరున్న విదేశీ రుణ ఆస్తులను పోలుస్తూ ప్రాజెక్టు చేస్తున్నాను. అమెరికా ట్రెజరీ శాఖ నెలనెలా ఇచ్చే పట్టికలో చైనా గీత దిగుతోంది, భారత్ గీత ఎక్కుతోంది. చైనా అమ్ముకుని బయటపడుతోంది, ఆ చోటులోకి భారత్ వస్తోంది అని రాయొచ్చా?"

అలా రాయకండి. గీతలు తప్పు కాదు. చైనా దగ్గరున్న అమెరికా ప్రభుత్వ బాండ్ల (ట్రెజరీల) నిల్వ 2013 నవంబరులో 1,310 బిలియన్ డాలర్లు దాటింది, 2024 చివరికి 760 బిలియన్ల దరిదాపులకు వచ్చింది. భారత్‌ది అదే కాలంలో 70 బిలియన్ల లోపు నుంచి 220 బిలియన్ల దరిదాపులకు పెరిగింది. కానీ ఆ పట్టిక లెక్కించేది అమెరికా ప్రభుత్వ బాండ్లను మాత్రమే. అదీ ఏ దేశం కొనుక్కుందో పూర్తిగా చెప్పదు, ఏ దేశంలోని ఖాతాలో ఉన్నాయో చెబుతుంది. మీరు అడుగుతున్నది విదేశీ రుణ ఆస్తుల గురించి, అంటే బయటివాళ్లు తీర్చాల్సిన బాకీలన్నిటి గురించి, అది ఇంతకంటే చాలా పెద్ద పద్దు.

రెండు దేశాల అంతర్జాతీయ పెట్టుబడి స్థితి పట్టికలను, అంటే ఐఐపీని, ఆధారం చేసుకోండి. ఒక దేశానికి విదేశాల్లో ఉన్న ఆస్తులు, విదేశాలకు ఉన్న బాధ్యతలు అన్నీ అందులో ఉంటాయి. ట్రెజరీ పట్టికను చివర్లో సరిచూసుకోవడానికి వాడండి. అలా చేస్తే తేలేది వేరు. చైనాలో కేంద్ర బ్యాంకు పద్దు పెరగడం ఆగిపోయింది, కొత్తగా బయటికి వెళ్లిన డబ్బు ప్రభుత్వ బ్యాంకుల ద్వారా, పాలసీ బ్యాంకుల (ప్రభుత్వ విధానాల కోసం అప్పులిచ్చే బ్యాంకుల) ద్వారా, కంపెనీల ద్వారా వెళ్లింది. భారత్‌లో ఆస్తులు పెరిగాయి, కానీ వాటిలో చాలా భాగం ఇప్పటికీ ఆర్‌బీఐ చేతిలోనే ఉంది. ఎంత ఉంది అన్నదానికంటే ఎవరి చేతిలో ఉంది అన్నదే ఈ పోలికలో అసలు విషయమని నా నమ్మకం.

ముందు ఏది రుణ ఆస్తో తేల్చుకోండి. ఐఐపీలో ఆస్తుల వైపు ఐదు పద్దులుంటాయి: ప్రత్యక్ష పెట్టుబడి, పోర్ట్‌ఫోలియో పెట్టుబడి, డెరివేటివ్‌లు, ఇతర పెట్టుబడి, రిజర్వు ఆస్తులు (కేంద్ర బ్యాంకు దగ్గరి విదేశీ నిల్వలు, బంగారం సహా). మీకు కావాల్సినవి వీటిలో చెదిరి ఉంటాయి. పోర్ట్‌ఫోలియోలోంచి రుణ పత్రాలను మాత్రమే తీసుకోండి, షేర్లను వదిలేయండి. "ఇతర పెట్టుబడి"లో విదేశాలకిచ్చిన అప్పులు, విదేశీ బ్యాంకుల్లోని డిపాజిట్లు, వాణిజ్య రుణాలు ఉంటాయి. అన్నీ రుణ స్వభావమున్నవే, అయితే వాణిజ్య రుణాలను వేరే వరసలో పెట్టండి. ఎగుమతిదారుకు సరుకు డబ్బు రావడం రెండు నెలలు ఆలస్యమైతే అదీ ఆ పద్దులోనే పడుతుంది, దాన్ని పెట్టుబడి నిర్ణయంగా చదవకూడదు. రిజర్వుల్లోంచి బంగారం తీసేయండి. ప్రత్యక్ష పెట్టుబడిలో కూడా మాతృసంస్థ తన అనుబంధ సంస్థకిచ్చే అప్పు దాక్కుని ఉంటుంది. చాలామంది పరిశోధకులు దాన్ని రుణ ఆస్తుల్లో కలపరు, మీరూ కలపకపోవడమే మంచిది. కలపాలనుకుంటే రెండు దేశాలకూ కలపండి. ఒకదానికి కలిపి ఇంకోదానికి వదిలేసిన పట్టికలు చాలా కనిపిస్తాయి, వాటిలో వచ్చే తేడాకు అర్థం ఉండదు.

బంగారం విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. చైనా 2009లో 1,054 టన్నులు, 2015లో 1,658 టన్నులు ఉన్నట్టు ఒక్కసారిగా ప్రకటించింది, మధ్య ఏళ్లలో లెక్క కదల్లేదు. 2022 నవంబరు నుంచి వరసగా 18 నెలలు కొన్నది. ఆర్‌బీఐ 2009లో ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నులు 6.7 బిలియన్ డాలర్లకు కొంది, ఆ తర్వాత 2018 నుంచి మళ్లీ పెంచుకుంటూ వచ్చింది. ధర పెరిగినప్పుడల్లా మొత్తం రిజర్వు అంకె ఉబ్బుతుంది. బంగారం ఎవరూ మీకు తీర్చాల్సిన అప్పు కాదు, కాబట్టి ఈ లెక్కలో దానికి చోటు లేదు.

ఇప్పుడు రెండు దేశాల నిర్మాణం చూడండి. చైనా మొత్తం విదేశీ ఆస్తుల్లో రిజర్వుల వాటా 2009లో దాదాపు 70 శాతం. 2023 చివరికి అది 36 శాతం దగ్గరికి దిగింది. రిజర్వులు కరిగిపోయినందుకు మాత్రమే అలా జరగలేదు. 2017 నుంచి అవి 3 ట్రిలియన్ డాలర్లకు కాస్త పైనే దాదాపు నిలకడగా ఉన్నాయి, చుట్టూ ఉన్న మిగతా పద్దులు పెరిగాయి. చైనా డెవలప్‌మెంట్ బ్యాంకు, ఎగ్జిమ్ బ్యాంకు ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాలకిచ్చిన అప్పులు "ఇతర పెట్టుబడి"లోకి వెళతాయి. వాణిజ్య బ్యాంకులు కొన్న డాలర్ బాండ్లు పోర్ట్‌ఫోలియోలోకి వెళతాయి. 2021 సెప్టెంబరులో మొదలైన సౌత్‌బౌండ్ బాండ్ కనెక్ట్ అనే మార్గం ద్వారా హాంకాంగ్‌లో కొన్న బాండ్లూ అందులోకే. వీటిలో ఏదీ నెలనెలా పత్రికల్లో వచ్చే "చైనా ఫారెక్స్ నిల్వలు" అంకెలో ఉండదు.

భారత్‌ది ఇందుకు పూర్తి భిన్నం. ఇక్కడ పౌరులు, ఫండ్లు, బ్యాంకులు బయట బాండ్లు కొనడానికి కట్టుబాట్లున్నాయి. నివాసి వ్యక్తికి ఉదారీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి, మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ మొత్తానికి 7 బిలియన్ డాలర్ల పరిమితి. అందుకే ఐఐపీలో భారత్ పోర్ట్‌ఫోలియో ఆస్తులు షేర్లు, బాండ్లు కలిపినా పది బిలియన్ల స్థాయిలోనే తిరుగుతాయి, రిజర్వులు మొత్తం విదేశీ ఆస్తుల్లో 60 శాతం దరిదాపుల్లో ఉంటాయి. అంటే భారత్ రుణ ఆస్తుల గీత ఏం చేస్తుందో తెలియాలంటే ఆర్‌బీఐ డాలర్లు కొంటోందా అమ్ముతోందా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆ సంస్థ ఆరు నెలలకోసారి ఇచ్చే ఫారెక్స్ నిల్వల నిర్వహణ నివేదికలో విదేశీ కరెన్సీ ఆస్తులు మూడు ముక్కలుగా ఉంటాయి: సెక్యూరిటీలు, ఇతర కేంద్ర బ్యాంకుల్లోనూ బీఐఎస్‌లోనూ (కేంద్ర బ్యాంకులకు బ్యాంకులాంటి అంతర్జాతీయ సంస్థ) డిపాజిట్లు, విదేశీ వాణిజ్య బ్యాంకుల్లో డిపాజిట్లు. ఈమధ్య ఏళ్లలో సెక్యూరిటీల వాటా ఐదింట నాలుగు వంతుల చుట్టూ ఉంది. చైనా దగ్గర ఇంత నియమంగా దొరకదు. ఈ నివేదికను వాడుకోండి.

కాల వ్యవధి గురించి. చైనా అధికారిక ఐఐపీ 2004 నుంచి మొదలవుతుంది, త్రైమాసికంగా 2011 నుంచి. 2015లో కొత్త ఐఎంఎఫ్ పద్ధతికి మారింది, అక్కడ గీతలో మెట్టు వస్తుంది, దాన్ని సంఘటనగా చదవకండి. మీరు 2004కి ముందుకు వెళ్లాలనుకుంటే ఆర్థికవేత్తలు లేన్, మిలేసీ-ఫెర్రెట్టి కట్టిన విదేశీ సంపద డేటాబేసు 1970 నుంచి దొరుకుతుంది. అందులో రుణ ఆస్తులు ఒక వరస, బంగారం లేని రిజర్వులు ఇంకో వరస. ఆ రెండూ కలిపితేనే మీకు కావాల్సిన మొత్తం. "రుణ ఆస్తులు" వరసను ఒంటరిగా తీసుకుని భారత్ దగ్గర ఏమీ లేదని తేల్చేయడం అక్కడ మామూలుగా జరిగే పొరపాటు. ఇంకొక మెలిక: భారత్‌లో వార్షిక లెక్క మార్చి 31కి, చైనాలో డిసెంబరు 31కి. భారత్‌కూ డిసెంబరు త్రైమాసికపు అంకె తీసుకోండి. డాలరు, బాండు ధరలు మూడు నెలల్లో బాగా కదిలిన 2013, 2022 లాంటి ఏళ్లలో ఈ తేడా మొత్తం పోలికనే పాడుచేస్తుంది.

ఇక ట్రెజరీ పట్టికలో ఉచ్చులు. మూడింటిని తప్పక చూసుకోండి.

మొదటిది కస్టడీ, అంటే బాండ్లను వేరే సంస్థ దగ్గర భద్రపరచడం. ఒక కేంద్ర బ్యాంకు తన బాండ్లను బ్రస్సెల్స్‌లోని యూరోక్లియర్‌లోనో లక్సెంబర్గ్‌లోని క్లియర్‌స్ట్రీమ్‌లోనో ఉంచితే అవి బెల్జియం, లక్సెంబర్గ్ పేర్ల మీద కనిపిస్తాయి. బెల్జియం నిల్వ 2013 ఆగస్టులో 170 బిలియన్ల లోపు ఉండేది, 2014 మార్చికి 380 బిలియన్లు దాటింది. అంత చిన్న దేశం ఏడు నెలల్లో 200 బిలియన్ల ట్రెజరీలు కొనుక్కునే అవకాశం లేదు. అప్పట్లో విశ్లేషకుల్లో ఎక్కువమంది దాన్ని చైనా ఖాతాగానే చూశారు. 2015లో యువాన్‌ను కాపాడుకోవడానికి చైనా డాలర్లు ఖర్చుపెట్టినప్పుడు బెల్జియం అంకె కూడా దిగింది. అందుకని చైనా గీత ఒక్కటే కాకుండా "చైనా + బెల్జియం" గీత కూడా పక్కన వేయండి. అది నిరూపణ కాదు, ఒక అంచనా అనుకోండి. బెల్జియంలో ఇతరుల బాండ్లు కూడా ఉంటాయి కాబట్టి దాన్ని చైనా సొంత అంకెగా రాయొద్దు.

రెండోది సవరణలు. నెలవారీ అంకెలను అమెరికా ఏటా జూన్ చివరి సర్వేతో సరిచేస్తుంది. 2011 ఫిబ్రవరిలో జరిగినది చూడండి. 2010 డిసెంబరుకు చైనా నిల్వ మొదట 892 బిలియన్లుగా ప్రచురితమైంది, సర్వే వచ్చాక 1,160 బిలియన్లు అయింది. అదే సవరణలో బ్రిటన్ 541 నుంచి 272కి దిగింది. చైనా ఏమీ కొనలేదు. లండన్ డీలర్ల ద్వారా కొన్నవి అప్పటిదాకా బ్రిటన్ పద్దులో కూర్చున్నాయి, సర్వే వాటిని అసలు చోటికి చేర్చింది. పాత నివేదికల్లోంచి అంకెలు కోసి కొత్త అంకెలతో అతికిస్తే మీ గ్రాఫ్‌లో 270 బిలియన్ల బూటకపు కొనుగోలు పుడుతుంది. ఎప్పుడూ ఒకే రోజు దింపుకున్న చారిత్రక ఫైలునే వాడండి, దింపుకున్న తేదీని షీట్ మీద రాయండి. 2011 చివరి నుంచి కొత్త నెలవారీ ఫారం వచ్చాక ఈ జబ్బు చాలా తగ్గింది. అంతకుముందు ఏళ్లకు జూన్ సర్వే అంకెలనే మేకుల్లా పాతుకోండి, మధ్య నెలల అంకెలను గట్టిగా పట్టుకోకండి.

మూడోది, ట్రెజరీ కాని డాలరు బాండ్లు. 2008 జూన్ సర్వే ప్రకారం చైనా దగ్గర ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ లాంటి ఏజెన్సీల (గృహ రుణాలకు నిధులు సమకూర్చే అమెరికా సంస్థల) దీర్ఘకాలిక బాండ్లు 500 బిలియన్లకు పైగా ఉన్నాయి, ట్రెజరీలతో దాదాపు సమానంగా. ఆ సెప్టెంబరులో ఆ రెండు సంస్థలను అమెరికా ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకున్నాక చైనా ఏజెన్సీలు తగ్గించి ట్రెజరీలకు మారింది. 2008-09లో ట్రెజరీ గీత నిటారుగా లేవడంలో అదొక భాగం, కొత్త డబ్బు ఒక్కటే కాదు. జూన్ సర్వేలో ట్రెజరీ, ఏజెన్సీ, కార్పొరేట్ బాండ్లు విడివిడిగా ఉంటాయి. మూడూ కూడి "అమెరికన్ రుణ పత్రాలు" అనే వరస కట్టుకోండి.

ఇక్కడే ధర మార్పు గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే "చైనా అమ్మేసింది" అనే శీర్షికలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. దీర్ఘకాలిక బాండ్లు ఆ పట్టికలో మార్కెట్ విలువకు ఉంటాయి. వడ్డీ రేట్లు పెరిగితే ఒక్క బాండు అమ్మకపోయినా నిల్వ తగ్గుతుంది. 2022ను తీసుకుందాం. సవరించిన లెక్కలో చైనా 2021 చివర 1,040 బిలియన్లు, 2022 చివర 867 బిలియన్లు. తగ్గుదల 173. ఆ ఏడాది ట్రెజరీ బాండ్ల మొత్తం రాబడి సూచీ 12 శాతానికి పైగా పడిపోయింది. ఆ సూచీలో కూపన్ వడ్డీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ధర పడింది ఇంకా ఎక్కువ. మరోవైపు, చైనా బుట్టలో స్వల్పకాలిక పత్రాలు ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత తక్కువ. 10 నుంచి 14 శాతం మధ్య పెట్టి చూస్తే ధర వల్ల పోయింది 104 నుంచి 146 బిలియన్లు. అంటే నికరంగా అమ్మింది, లేదా గడువు తీరాక మళ్లీ కొననిది, 27 నుంచి 69 బిలియన్ల మధ్య. 173లో సగానికి పైగా ధరే.

ఈ లెక్క నెలనెలా చేయాలి, ఏడాదికోసారి చేస్తే మధ్యలో కొన్నవీ అమ్మినవీ కలిసిపోతాయి. సూత్రం సులువు: ఈ నెల నిల్వలోంచి, గత నెల నిల్వను ధర నిష్పత్తితో (ఈ నెల ధరను గత నెల ధరతో భాగిస్తే వచ్చేది) గుణించి వచ్చినదాన్ని తీసేయండి. మిగిలింది నికర కొనుగోలు. గుణకానికి మొత్తం రాబడి సూచీ కాకుండా ధర సూచీ వాడండి, స్వల్పకాలిక బిల్లులను బయట పెట్టండి, అవి ముఖవిలువకే ఉంటాయి. 2023 నుంచి అమెరికా ట్రెజరీ శాఖే దేశాలవారీగా లావాదేవీలను, విలువ మార్పును విడగొట్టి ఇస్తోంది, ఆ తర్వాతి ఏళ్లకు ఈ శ్రమ అక్కర్లేదు.

ఇదే సమస్య రిజర్వుల మొత్తంలో కరెన్సీ రూపంలో వస్తుంది. చైనా ఫారెక్స్ నిల్వలు 2014 జూన్‌లో 3.99 ట్రిలియన్ల శిఖరం నుంచి 2017 జనవరిలో 3 ట్రిలియన్ల కిందికి దిగాయి. అదంతా పెట్టుబడి పారిపోవడమే అని చాలాచోట్ల చదువుతాం. చైనా విదేశీ మారక సంస్థే తర్వాత వెల్లడించిన ప్రకారం 2014లో నిల్వల్లో డాలరు వాటా 58 శాతం, మిగతా 42 శాతం ఇతర కరెన్సీలు. శిఖరం దగ్గర ఆ 42 శాతం అంటే సుమారు 1,676 బిలియన్లు. డాలరుతో అవి సగటున 10 శాతం బలహీనపడితే చాలు, ఎవరూ ఏమీ అమ్మకుండానే దాదాపు 168 బిలియన్లు లెక్కలోంచి పోతాయి. 2014 మధ్య నుంచి 2015 మార్చి దాకా యూరో ఒక్కటే అంతకంటే ఎక్కువ పడింది. పారిపోయిన పెట్టుబడి నిజమే, పెద్దదే, కానీ మొత్తం తగ్గుదల అదే కాదు.

2021 ఆగస్టులో మీ రెండు గీతల్లోనూ ఒక మెట్టు కనిపిస్తుంది. ఐఎంఎఫ్ ప్రపంచానికంతటికీ 650 బిలియన్ డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ సభ్యదేశాలకిచ్చే రిజర్వు యూనిట్లు) పంచింది, భారత్ వాటా సుమారు 17.9 బిలియన్లు. ఆస్తి వైపు ఎంత చేరిందో బాధ్యత వైపూ అంతే చేరింది. దాన్ని కొనుగోలుగా లెక్కించకండి.

స్థూలంగా ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, అది ఎవరి డబ్బన్నది ఇంకో ప్రశ్న. చైనా నిల్వలు ఎక్కువగా కరెంటు ఖాతా మిగులు నుంచి వచ్చాయి. భారత్ దాదాపు ప్రతి ఏడూ లోటులోనే ఉంటుంది (2001-04, 2020-21 మినహాయింపులు), నిల్వలు లోపలికొచ్చిన పెట్టుబడి, అప్పుల నుంచి పోగయ్యాయి. 2013 చక్కని ఉదాహరణ. ఆ ఏడాది సెప్టెంబరు తొలి రోజుల్లో నిల్వలు 275 బిలియన్ల దగ్గరికి పడ్డాయి. ఆర్‌బీఐ బ్యాంకులకు చవగ్గా స్వాప్ (తర్వాత డాలర్లు తిరిగిచ్చేలా ముందే రేటు కుదుర్చుకునే మార్పిడి) ఇచ్చి, ఎఫ్‌సీఎన్‌ఆర్-బి డిపాజిట్లు (ప్రవాస భారతీయుల విదేశీ కరెన్సీ డిపాజిట్లు), బ్యాంకుల విదేశీ అప్పుల రూపంలో 34 బిలియన్లు తెప్పించింది. డిసెంబరు కల్లా గీత పైకి లేచింది. కానీ ఆ డిపాజిట్లు చాలావరకు మూడేళ్లకు, 2016లో, తిరిగి ఇవ్వాల్సినవి. ఆస్తుల గీత ఒక్కటే చూసేవాళ్లకు ఈ విషయం కనిపించదు. అందుకే ఆస్తుల పక్కన విదేశీ అప్పు వరస తప్పనిసరిగా పెట్టండి. 2024 మార్చి చివర భారత్ విదేశీ అప్పు 660 బిలియన్లకు పైగా ఉంది, అప్పటి నిల్వలు 646 బిలియన్ల దగ్గర. దాదాపు ఒకటికి ఒకటి. చైనా మాత్రం ఈక్విటీ సహా అన్నీ కలిపిన నికర లెక్కలో రెండు ట్రిలియన్లకు పైగా ప్రపంచానికి రుణదాత.

భారత్ వైపు ఇంకొకటుంది: ఫార్వర్డ్ పుస్తకం. ఆర్‌బీఐ ఇవాళ డాలర్లు అమ్మకుండా, ఫలానా తేదీకి ఇస్తానని ఒప్పందం చేసుకోవచ్చు. అప్పుడు నిల్వల అంకె కదలదు, కానీ ఆ డాలర్లు మాటిచ్చేసినవే. 2021 మార్చి చివర ఆర్‌బీఐకి ఫార్వర్డ్‌లో 70 బిలియన్లకు పైగా రావాల్సి ఉంది. 2025 ఫిబ్రవరి చివరికి పరిస్థితి తిరగబడి 88 బిలియన్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య పైకి కనిపించే నిల్వల పోలిక 150 బిలియన్లకు పైగా తేడాను దాచేస్తుంది. ఈ అంకె ఆర్‌బీఐ నెలవారీ బులెటిన్‌లో అమెరికన్ డాలర్ల క్రయవిక్రయాల పట్టికలో ఉంటుంది. రిజర్వుల పక్కన ప్రత్యేక వరసగా పెట్టి, కలిపిన మొత్తాన్ని కూడా చూపండి. చైనాలో ఇలాంటి పాత్రను కొంతవరకు ప్రభుత్వ బ్యాంకులు పోషిస్తాయి, కాబట్టి అక్కడ బ్యాంకుల విదేశీ ఆస్తుల వరసను రిజర్వులతో పాటు చదవాలి.

ఐఎంఎఫ్ పోర్ట్‌ఫోలియో సర్వే, సీపీఐఎస్, వాడొచ్చా అని మీరు అడగలేదు గానీ వెతికితే తగులుతుంది. ఏ దేశం ఏ దేశపు పత్రాలు కొందో అందులో ఉంటుంది, కానీ రిజర్వులు ఉండవు. రిజర్వులుగా ఉన్న పత్రాలు వేరే సర్వేలోకి వెళతాయి, అది దేశాలవారీగా బయటికి రాదు. చైనా 2015 మధ్య లెక్కతోనే ఇందులో చేరింది. భారత్‌కు ఇది దాదాపు ఖాళీ పట్టిక. ప్రైవేటు చేతుల్లో ఉన్నవి ఎటు వెళ్లాయో చూడ్డానికి చైనా వరకు వాడుకోండి.

కొలమానం విషయంలో, డాలర్లలో గీసిన గ్రాఫ్ చైనా పరిమాణం తప్ప ఏమీ చూపదు. జీడీపీలో శాతంగా మార్చండి. చైనా నిల్వలు 2010లో జీడీపీలో 47 శాతం దగ్గర ఉండేవి, 2023లో 18 శాతం దగ్గరున్నాయి. భారత్ కూడా 2023-24లో 17, 18 శాతం దగ్గరే. పదిహేనేళ్ల కిందట పోలికే లేని రెండు దేశాలు ఈ కొలమానంలో పక్కపక్కన నిలబడ్డాయి. మార్పిడిలో జాగ్రత్త: నిల్వ ఏడాది చివరి రోజు రేటుకు, జీడీపీ ఏడాది సగటు రేటుకు ఉంటాయి. రూపాయి గట్టిగా పడిన ఏడాదిలో రెండింటికీ ఒకే రేటు వాడితే శాతం తప్పుతుంది. భారత్‌కు దీనితోపాటు ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులో నిల్వలు ఎన్ని రెట్లున్నాయో కూడా చూపండి, లోటు దేశానికి అసలు అవసరమైన లెక్క అదే.

షీట్‌లో నిలువు వరసలు ఇలా పెట్టుకుంటే తర్వాత ఇబ్బంది పడరు: తేదీ, బంగారమూ ఎస్‌డీఆర్‌లూ లేని రిజర్వులు, ఎస్‌డీఆర్‌లు విడిగా, పోర్ట్‌ఫోలియో రుణ పత్రాలు, వాణిజ్య రుణాలు లేని ఇతర పెట్టుబడి, వాణిజ్య రుణాలు, ఫార్వర్డ్ స్థితి, విదేశీ అప్పు, జీడీపీ. ట్రెజరీ అంకెలకు వేరే షీట్. అందులో ప్రచురితమైన నిల్వ, ధర మార్పు, మిగిలిన నికర లావాదేవీ, బెల్జియం. చైనాకు బ్యాంకింగ్ రంగపు ఆస్తులను "ఇతర పెట్టుబడి" పక్కన ఉప వరసగా పెట్టండి. ఆ ఒక్క వరసే మీ ప్రాజెక్టులో ఎక్కువ చెబుతుంది.

గ్రాఫ్‌ల విషయంలో నా సలహా: చైనాకూ భారత్‌కూ చెరో పేర్చిన పట్టీల చిత్రం, రిజర్వులు అడుగున, బ్యాంకులూ పోర్ట్‌ఫోలియో పైన, జీడీపీ శాతంలో. రెండింటికీ నిలువు అక్షం ఒకే కొలతలో ఉండాలి. ట్రెజరీ గీతను వీటిలో కలపకండి, తర్వాతి పేజీలో ధర సవరించిన రూపంలో ఇవ్వండి. 2022లో రష్యా నిల్వలు స్తంభించినందువల్లే చైనా తగ్గించుకుందని రాయాలనిపిస్తే, మీ సవరించిన గీతలో తగ్గుదల ఏ ఏడు మొదలైందో ముందు చూసుకోండి. ప్రచురితమైన అంకెల్లో అది 2013 శిఖరం తర్వాతే మొదలైంది, అంటే ఆంక్షలకు చాలా ముందు.